పొగమంచులో నారమ్మ గొంతు

నల్లగుండ్ల మిట్ట మీద పుష్యమాసం వచ్చిందంటే పొద్దెక్కినా పొగమంచు దిగదు. ఎదురుగా నిలబడింది చెట్టో చుట్టమో పోల్చుకోవడం కష్టం. ఆ మిట్ట మీద గుండ్ల సందుల్లో, పొదల మాటున, బొరియల్లో బతికేవాళ్లందరికీ ఒకటే కొరత. ఉప్పు. చలికాలం గడ్డి చప్పన, గడ్డలు చప్పన, నాలుక పీకేస్తుంది. ఆ కొరత తీర్చేది గాడిద నారమ్మ.

మిట్ట కింద ఎండిపోయిన వాగు ఒకటి ఉంది. దాని ఒడ్డున ఉప్పగా ఉండే చవుడు మన్ను పేరుకుంటుంది. నారమ్మ ఆ చవుడు గిట్టలతో గీరి, గోనెలో నింపి, వీపున వేసుకుని గడపగడపకీ తిరిగి అమ్మేది. గుప్పెడు చవుడుకి ఒకరు నాలుగు గడ్డలిస్తే ఇంకొకరు ఇంత ఎండుగడ్డి ఇచ్చేవాళ్లు. కొలిచి పోశాక పైన చిటికెడు కొసరు వెయ్యకుండా కదిలేది కాదు.

నారమ్మ ఒట్టి సిగ్గరి. నలుగురు కూడిన చోట చెవులు వెనక్కి పెట్టి తల దించుకుని నిలబడేది. గడప దగ్గర ఒక్కరితో ఒక్కతిగా అయితే మాత్రం మాట పెగిలేది. "చవుడో... కమ్మని చవుడో..." అని కూతపెట్టి, వాళ్లు బయటికొచ్చాక ఇక చవుడు ఊసే ఎత్తేది కాదు. "మోకాళ్లు ఎట్లా ఉన్నాయి వదినా?" అనేది. "పెద్దదానికి దగ్గు తగ్గిందా?" అనేది. కొన్నా అదే మాట, కొనకపోయినా అదే మాట. పై ఇంటి కబురు కింది ఇంట్లో, కింది ఇంటి కబురు పై ఇంట్లో చెప్పేది. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు మేతకి పోయి తిరిగి రాలేదో, నారమ్మ మిట్ట దిగేసరికి అందరికీ తెలిసిపోయేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఒకరోజు నారమ్మ మిట్ట మొదట్లో మూడు దారులు కలిసే బండ దగ్గర అలుపు తీర్చుకుంటోంది. వెనక నుంచి ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే దుమ్ములగొండి బైరాగి. ముందు ఎత్తు, వెనక పల్లం, నోట్లో ఒక ఎముక.

"ఏం చెల్లెమ్మా, ఇంకా ఈ గడపలు తొక్కే పనేనా?"

"బతకాలి కదా అన్నా."

"బతుకు సరే. పరువు? దాహం వేసినవాడు బావి దగ్గరికి పోతాడు గానీ బావి లేచి ఇంటింటికీ వస్తుందా? నువ్వు ఈ బండ మీద కూర్చో. మూడు దారుల వాళ్లూ నీ కాళ్ల దగ్గరికే వస్తారు. ఉప్పు లేకుండా ఎవడు బతుకుతాడులే!"

"అలవాటు పడ్డవాళ్లన్నా. చూడకపోతే ఏమనుకుంటారో..."

"గాడిదకేం తెలుసు గంధం వాసన అని ఊరికే అన్నారా! వాళ్లకి కావాల్సింది నీ చవుడు. నీ మొహం కాదు."

ఆ మాట నారమ్మకి చురుక్కుమంది. నిజమేనేమో అనిపించింది. కాళ్లు కూడా నొప్పిగానే ఉన్నాయి. వద్దనుకుంటూనే గోనె దించింది.

బైరాగి చెప్పినట్టే మొదట బాగానే జరిగింది. మిట్ట మీది వాళ్లు దిగివచ్చారు. "ఏం నారమ్మా, ఒంట్లో బాగాలేదా? ఎందుకు రావడం లేదు?" అని అడిగారు. సిగ్గుతో ఏం చెప్పాలో తెలియక "ఇక్కడే బాగుంది" అంది. దారిన పోయే మందలు ఆగి గోనెలకి గోనెలు నాకిపోయాయి. వాళ్ల పేర్లేమిటో ఆమె అడగలేదు, ఆమె పేరు వాళ్లూ అడగలేదు.

బైరాగి మాత్రం రోజూ వచ్చి పక్కన చతికిలబడేవాడు.

"ఒక్కసారి ఆ కూత వెయ్యి చెల్లెమ్మా. చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో!"

పుట్టిన దగ్గర్నుంచి తన గొంతు బాగుందన్నవాడు లేడు. "గాడిద పాట" అని నవ్వినవాళ్లే. నారమ్మ పొంగిపోయి కూసేది. "ఇంకోసారి" అనేవాడు. ఇంకోసారి కూసేది. అతను కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ వినేవాడు.

"ఇంతకీ ఆ పైన ఎవరెవరుంటారేంటి? కుందేలు పిచ్చయ్యకి పిల్లలెంతమంది? దుప్పి మంగతాయి మొగుడు ఏ వేళకి మేతకి పోతాడు? ఆ ముళ్లపంది గురవమ్మ ఒంటరిదా?"

వాళ్లని చూడక నారమ్మకి బెంగగా ఉండేది. వాళ్ల మాట ఎవరైనా అడిగితే చాలు, ప్రాణం లేచొచ్చేది. అన్నీ చెప్పింది. ఎవరికి ఏ నొప్పి, ఎవరింట్లో ఏ పోరు, ఎవరు ఏ మాటకి కరుగుతారు, అన్నీ. ఇంటిగుట్టు లంకకి చేటన్నారు పెద్దలు. ఇక్కడ ఒక ఇంటిది కాదు, మిట్టంతటి గుట్టు ఒక్క చెవిలో పడింది.

చలి ముదిరింది. మిట్ట మీది నుంచి దిగేవాళ్లు తగ్గారు. తర్వాత ఎవరూ రాలేదు.

"రాకపోతే పోనీ," అన్నాడు బైరాగి ఎముక కొరుకుతూ. "పాత గిరాకీ పోతే కొత్త గిరాకీ."

"ఆ ఎముకలు ఎక్కడివన్నా రోజూ?"

"ఎప్పుడో పోయినవాళ్లవి చెల్లెమ్మా. బతికున్నవాళ్ల జోలికి నేను పోతానా?"

ఆ ఎముక చిన్నది. తెల్లగా, సన్నగా, ఇంకా తడిగా ఉంది. నారమ్మ చూసి చూడనట్టు తల తిప్పుకుంది. ఎందుకో ఆ పూట గడ్డి నోటికి పోలేదు.

మర్నాడు పొద్దున బైరాగి రాలేదు. పొగమంచు దట్టంగా ఉంది. మూడు దారుల్లో ఒక్క దారీ కనబడటం లేదు. నారమ్మ ఒంటరిగా బండ మీద నిలబడింది. గోనెలో చవుడు మంచుకి తడిసి ముద్దయింది. ఆ ఎముకే కళ్లలో మెదులుతోంది. "ఒకసారి పిచ్చయ్య ఇంటిదాకా పోయి చూసొస్తాను," అనుకుని గోనె వీపున వేసుకుంది.

పిచ్చయ్య బొరియ మిట్టకి మొదటి ఇల్లు. నారమ్మ అడుగుల చప్పుడు వినగానే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి బయటికి ఉరికేవాళ్లు. ఆ పూట ఎవరూ ఉరకలేదు. బొరియ మూతి ముందు నేల మీద ఇంత చవుడు కుప్ప పోసి ఉంది. తన వాగు చవుడే. ఎవరూ నాకలేదు. మంచుకి పైన తెట్టు కట్టింది. పక్కన బుజ్జిబుజ్జి అడుగులు బొరియలోంచి చవుడు దాకా వచ్చాయి. వెనక్కి పోయిన అడుగులు లేవు.

నారమ్మ బొరియ మూతి దగ్గరికి వంగింది.

"పిచ్చయ్యా," అని పిలిచింది. బొరియ లోపల నుంచి చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు. పిచ్చయ్య ఇల్లు ఖాళీ అయిందని పైన ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఎవరు తిరుగుతున్నారు కనుక!

పడుతూ లేస్తూ మంగతాయి ఉండే పొద దగ్గరికి చేరింది. కొమ్మల సందుల్లో రెండు కళ్లు మెరిశాయి. రెప్ప వెయ్యడం లేదు.

"మంగతాయీ, నేనమ్మా. నారమ్మని."

పొదలోంచి గొంతు పీలగా వచ్చింది.

"నిన్న వచ్చావుగా. మళ్లీ ఎందుకొచ్చావు?"

"నిన్నా? నేను వానల తర్వాత ఈ దారి తొక్కనే లేదు తల్లీ!"

"నిన్న పొద్దున వచ్చి కూత వేశావు. మంచులో నువ్వు కనబడలేదు గానీ నీ గొంతే. మా ఆయన కాలి బెణుకు ఎట్లా ఉందని అడిగావు. నీకు తప్ప ఆ బెణుకు సంగతి ఎవరికి తెలుసు? 'ఇన్నాళ్లకి నారమ్మ వచ్చింది, చూసొస్తా' అని ఆయన లేచాడు." కళ్లు ఇంకా రెప్ప వెయ్యలేదు. "నీతో మంచులోకి పోయాడు. మళ్లీ రాలేదు. ఆయన్ని ఏం చేశావు నారమ్మా?"

నారమ్మ పొద వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు వినబడింది. పై మలుపులో, తెల్లటి మంచు వెనకాల నుంచి, తీరిగ్గా, సాగదీసిన కూత.

"చవుడో... కమ్మని చవుడో..."

తన గొంతు. చివర్లో తనకి వచ్చే జీరతో సహా. తానేమో ఇక్కడ నోరు మూసుకుని నిలబడి ఉంది. ఒక్క క్షణం నారమ్మకి తాను ఎక్కడున్నదీ తెలియలేదు. ఆ పైనున్నదే నిజం నారమ్మేమో, ఇక్కడున్నది ఏ నీడో అనిపించింది.

"విన్నావా?" అంది పొదలోని గొంతు. "అక్కడా నువ్వే. ఇక్కడా నువ్వే."

కూత ఆగింది. ఆ వెంటనే ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు తనది కాదు. అది బైరాగిది.

పై మలుపులో ఉన్నది గురవమ్మ బొరియ.

ఎన్నడూ పరుగెత్తని నారమ్మ పరుగెత్తింది. రాళ్లు దొర్లాయి, గోనె కుట్లు తెగి చవుడు దారంతా రాలింది. మలుపు తిరిగేసరికి మంచులో ముందు ఎత్తు, వెనక పల్లంగా ఒక నల్లటి నీడ గురవమ్మ గడప ముందు వంగి ఉంది.

"వదినా, మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?" అంటోంది ఆ నీడ, నారమ్మ గొంతుతో. "నీకోసం మేలిమి చవుడు తెచ్చాను. బయటికి రా."

"వస్తున్నా, వస్తున్నా," లోపల్నుంచి గురవమ్మ ముసలి గొంతు. బొరియ మూతికి అడ్డం పెట్టిన రాయి కదిలిన చప్పుడు. "ఇన్నాళ్లకి గుర్తొచ్చానుటే!"

"తియ్యకు వదినా!" నారమ్మ అరిచింది. "నేనే నారమ్మని! అది దుమ్ములగొండి!"

రాయి ఆగిపోయింది.

"ఇదేం చోద్యం," అంది గురవమ్మ లోపల. "ఒక్క నారమ్మకే కరువొచ్చిందనుకుంటే ఇద్దరొచ్చారా!"

"అది దయ్యం వదినా!" అన్నాడు బైరాగి అదే గొంతుతో. "నా గొంతు దొంగిలించి తిరుగుతోంది. కావాలంటే అడుగు. నీ చిన్న కూతుర్ని వాగు అవతలికి ఇచ్చావు. నీకు ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి. చింతచిగురు పేరు చెబితే నీకు నోరూరుతుంది. అవునా కాదా?"

"అవును," అంది గురవమ్మ.

నారమ్మకి అర్థమైంది. అవన్నీ తాను చెప్పినవే. తన దగ్గర మిగిలిన గుర్తు ఏముంది? మాట్లాడబోతే నాలుక తడబడింది.

"ఈ రెండోది నసుగుతోంది," అంది గురవమ్మ. "పైగా మా నారమ్మ వారం తప్పకుండా వచ్చేది. ఇన్నాళ్లు మొహం చూపనిది నారమ్మ ఎట్లా అవుతుంది?"

"బాగా అడిగావు వదినా!" అన్నాడు బైరాగి.

నారమ్మ తల దించుకుంది. గెలవాలన్న ఆశ పోయింది. ఆశ పోయాక మాట తడబడలేదు.

"నాకు తలుపు తియ్యొద్దు వదినా. నేనైనా సరే, ఈ మంచులో ఎవరికీ తియ్యొద్దు. ఒక్క మాట మాత్రం చెప్పి పోతాను. నడి వానల్లో నా గిట్టలో తుమ్మముల్లు దిగి చీముపట్టింది. నేను సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నడక చూసి నువ్వే కనిపెట్టావు. ముసలి పళ్లతో కొరికి లాగావు. నీ పెదవి చీరుకుని రక్తం కారింది. 'ముళ్లున్నదానికే ముల్లు బాధ తెలుసే' అన్నావు. ఆ కాలుతోనే నడుస్తున్నాను. నడుస్తూ కూడా నీ దగ్గరికి రాలేదు. నీ మేలు మరిచిపోలేదని చెబుదామని వచ్చాను, అంతే."

మంచు బొట్లు రాతి మీద రాలుతున్నాయి.

"విన్నావటే మొదటి నారమ్మా?" అంది గురవమ్మ చివరికి. గొంతు మెత్తగా ఉంది. "నా ఇంట్లో విషయాలు నీకు బాగా తెలుసు. అవి ఏ గోడ చెవైనా వినొచ్చు. నా ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. నా చేతి మేలు నీకేమైనా గుర్తుందా?"

బైరాగి తడుముకున్నాడు. ముల్లు సంగతి ఎత్తుకుందామంటే అది రెండోది చెప్పేసింది. ఇంకోటి చెబుదామంటే ఇన్నాళ్లు బండ మీద కూర్చుని నారమ్మని అతను అడిగినవన్నీ ఒకటే రకం. ఎవరికి ఏం లోటు, ఎవరు ఎప్పుడు దొరుకుతారు. ఎవరు ఎవరికి ఏం చేశారో అడగాలని అతనికి తోచనే లేదు. ఎవరైనా ఎవరికైనా చేస్తారని అతనికి తెలిస్తే కదా!

"నీ మేలేంటి వదినా నాకు!" అని నవ్వేశాడు. "నేను నీకు చేసిన మేలు చెప్పు. గుప్పెడు అడిగితే గంపెడు పోశాను. నా ఉప్పు తిని బతికావు."

"ఆహా!" అంది గురవమ్మ. "ఇప్పుడు తెలిసింది నువ్వెవరో. రావే తల్లీ రా. గడప దగ్గరికి వచ్చి మూతి లోపలికి పెట్టు. చీకటిగా ఉంది, నీ వాసన పట్టి నేనే దగ్గరికొస్తాను."

రాయి పక్కకి జరిగింది. నారమ్మ "వద్దు వదినా!" అని అరిచేలోపే బైరాగి మొహం మొత్తం బొరియలోకి దూర్చేశాడు. పళ్లు బయటపెట్టి, నోరు బార్లా తెరిచి.

అతనికి మిట్టంతటి గుట్టూ తెలుసు గానీ ఒక్కటి తెలియదు. ముళ్లపంది గడప దాటేది మొహంతో కాదు, వీపుతో. గురవమ్మ ముళ్లన్నీ నిక్కపొడిచి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని, వెనక్కి ఒక్క దూకు దూకింది.

ఆ కేక మిట్ట అంతా వినబడింది. అది నారమ్మ గొంతు కాదు, దుమ్ములగొండి గొంతూ కాదు. ఎన్నెన్నో గొంతులు ఒకేసారి చిరిగినట్టుంది. నాలుకలో ముళ్లు, అంగిట్లో ముళ్లు, ముక్కులో ముళ్లు. నేల మీద దొర్లి, గుండ్లకి మొహం రుద్దుకుంటూ బైరాగి మంచులోకి పారిపోయాడు.

గురవమ్మ ఆయాసపడుతూ ఇటు తిరిగింది. నారమ్మని కింది నుంచి పై దాకా చూసింది.

"చిక్కిపోయావే," అంది. "కాలు పూర్తిగా మానిందా?"

నారమ్మకి అప్పుడు వచ్చింది ఏడుపు.

"పిచ్చయ్య ఇల్లు పోయింది వదినా. మంగతాయి మొగుడు పోయాడు. నేను తిరుగుతూ ఉంటే ఇది జరిగేది కాదు."

"కాదు," అంది గురవమ్మ. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకి లేదు. "పోయినవాళ్లు రారు. ఉన్నవాళ్ల దగ్గరికి పో."

నారమ్మ పోయింది. ఆ పూట నుంచి మళ్లీ గడపగడపకీ తిరిగింది. గోనె నిండినా తిరిగింది, వానకి చవుడు కరిగి గోనె ఖాళీగా ఉన్నా తిరిగింది. మొదట్లో చాలామంది తలుపు తియ్యలేదు. ఆమె తియ్యమనీ అడగలేదు. గడపకి నాలుగడుగుల దూరంలో నిలబడి, వాళ్లు తనకి ఎప్పుడో చేసిన మంచి ఒకటి తలుచుకుని చెప్పి, చిటికెడు చవుడు పెట్టి, పక్కింటి కబురు చెప్పి వెళ్లిపోయేది. తమ ఇంటి గుట్టు మాత్రం మరొకరి చెవిన పడుతుందని ఎవరికీ భయం లేకుండా చేసింది. చెప్పదగ్గ కబురేదో, దాచదగ్గ కబురేదో ఇప్పుడు ఆమెకి తెలుసు.

మంగతాయి పొదలోంచి మాత్రం పలుకు లేదు. "నిరుడు ఎండల్లో నీ పొద నీడ సగం నాకిచ్చావు తల్లీ," అని నారమ్మ ప్రతి వారం చెప్పేది. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. పొద కదల్లేదు. చైత్రంలో ఒక పొద్దున చవుడు పెట్టి వెనుదిరగబోతుంటే కొమ్మల సందులోంచి నల్లటి మూతి ఒకటి మెల్లగా బయటికొచ్చింది. నేల మీది చవుడు ముట్టుకోలేదు. నారమ్మ చెవి దగ్గరికి వచ్చి వాసన చూసింది. అంతే. నారమ్మ కూడా కదలకుండా నిలబడింది.

బైరాగి చావలేదు. ఇప్పటికీ మంచు కమ్మిన పొద్దుల్లో నల్లగుండ్ల మిట్ట మీద వినేవాళ్లకి వినబడుతుంది. ఒక గడప ముందు నారమ్మ గొంతు, ఇంకో గడప ముందు ఎవరో తల్లి గొంతు, ఎవరో చెల్లెలి గొంతు. కొంచెం చిరిగి, కొంచెం తడిగా. లోపలివాళ్లు భయపడరు. కోప్పడరు కూడా. "మంచిదే గానీ, నేను నీకేం చేశానో చెప్పు," అంటారు.

ఆ మాటకి బయట గొంతు ఆగిపోతుంది. చాలాసేపు ఊపిరి చప్పుడే ఉంటుంది. తన బతుకులో ఎవరైనా తనకి ఏదైనా చేశారేమోనని వెతుక్కుంటున్నట్టు. ఏదీ దొరక్క, ఆ అడుగులు మంచులోకి వెళ్లిపోతాయి.

గొంతు ఎవరైనా ఎత్తుకుపోగలరు గానీ, వచ్చీపోతూ ఎదుటివారి మేలు తలుచుకునే గుణాన్ని ఎత్తుకుపోలేరు. తలుపులు తెరుచుకునేది దానికే.